కట్టయ్య మగ్గం వంతు

మా డబ్బాను చంపాలని మొదట చూసింది ఎండాకాలం, తర్వాత మేనేజర్ రాజేశ్వర్ రావు. ఎండాకాలంతో నేను సర్దుకున్నాను. కిటికీకి తడి గోనెపట్టా కట్టి, దాని ముందు టేబుల్ ఫ్యాను పెట్టి, పనంతా పొద్దున పూటే ముగించుకోవడం నేర్చుకున్నాను. మేనేజర్‌తో సర్దుకోవడం నా వల్ల కాలేదు. సర్దుకోవాలని అనుకోలేదు కూడా.

డబ్బా అంటే కంప్యూటర్. కొత్తవాడలో మేం నేసే జంపఖానాలను బయటి దేశాలకు పంపే బొంబాయి వ్యాపారి ఒకాయన, ఎనభై మూడులో తనకు కొత్తది కొనుక్కుని పాతదాన్ని మా నేతగాళ్ల సొసైటీకి లారీలో పంపించాడు. ఆయనకు అది అడ్డం తొలగడం, మాకు గొప్ప. హన్మకొండ కాలేజీలో బీఎస్సీ లెక్కలు చదివి, హైదరాబాదులో ఆరునెలల కోర్సు చేసి వచ్చిన నేను తప్ప దాన్ని ముట్టుకునే ధైర్యం వాడలో ఎవరికీ లేదు. "బాబా మియా బిడ్డకు డబ్బాతోటి నికా అయింది" అని ఆడవాళ్లు నవ్వుకునేవారు. అననీ అనుకున్నాను. ఆ నికాలో నా మాటే చెల్లేది మరి.

డబ్బా చేసే పని ఒక్కటే. నూలు వంతు చూడటం.

మిల్లు నుంచి వచ్చే నూలు ఎప్పుడూ అన్ని మగ్గాలకూ సరిపోదు. ఈ నెల ఏ మగ్గం దగ్గర నూలు అయిపోతే వచ్చే నెల దాని తర్వాతి మగ్గంతో మొదలుపెడతారు. ఆ వంతు మనిషిది కాదు, మగ్గానిది. నేతగాడు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంట మొదట ఎవరు తవ్వారో ఆయన పేరే మగ్గానికి ఉంటుంది. ఆయన పోయినా, ఆయన కొడుకు పోయినా ఆ పేరు మారదు. గుంటలో ఎవరు కూర్చుంటే వాళ్లు ఆ పేరుకు పలుకుతారు. నూలు రోజున పేరు పిలిస్తే "ఆడ్తాంది" అనాలి, అంటే మగ్గం నడుస్తోందని. ఇంట్లో చావో పురుడో జబ్బో ఉండి మగ్గం ఆగితే, పక్కింటివాళ్లు "ఆగింది" అంటారు. అప్పుడు ఆ మగ్గం నూలు కట్టను గోదాంలో గోడ పక్కన పెట్టేస్తారు. మళ్లీ మగ్గం ఆడిన రోజున ఆ కట్ట వాళ్లకే. అలా రెండుసార్లు పక్కింటివాళ్లు పలకొచ్చు. మూడోసారి ఆ ఇంటి మనిషే వచ్చి పలకాలి, లేదంటే మగ్గం పోయినట్టే.

డబ్బా రాకముందు ఇదంతా నోటితోనే జరిగేది. నూలు తీసుకున్న మనిషి తన వెనక మగ్గం పేరు పిలిచి పక్కకు జరిగేవాడు. మగ్గాలు పెరిగి, రంగులు పెరిగి, తగాదాలు కూడా పెరిగాక నేను ఈ పద్ధతంతా ప్రోగ్రాంగా రాసి డబ్బాకు నేర్పించాను. తెర మీద ఒక్కో మగ్గం పేరు వచ్చి, ఆడుతోందా ఆగిందా అని అడుగుతుంది. నేను ఒక మీట నొక్కుతాను. ఐదేళ్లు ఒక్క తగాదా లేకుండా నడిచింది. నడిపింది నేనే కాబట్టి చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

ఎనభై ఎనిమిది వేసవి నాటికి డబ్బా ముసలిదైపోయింది. పళ్లెమంత ఫ్లాపీలు అరిగిపోయాయి. విడిభాగాలు అడిగితే తయారుచేసిన కంపెనీయే లేదన్నారు. కొత్త మిషన్ కావాలని మేనేజర్‌కు మొదట చెప్పింది నేనే. ఆయన తెప్పించాడు. దాంతోపాటు ప్యాకేజీ అనే రెడీమేడ్ ప్రోగ్రాం ఒకటి కూడా తెప్పించాడు.

మిషన్ బిగించడానికి హైదరాబాద్ కంపెనీ నుంచి మల్లికార్జున్ అనే ఇంజనీరు వచ్చాడు. కంపెనీ హైదరాబాదుది గానీ మనిషి కాజీపేటవాడే, తండ్రి రైల్వేలో గార్డు. సొసైటీ సభ్యుల పేర్లన్నీ ప్యాకేజీలో ఎక్కించి, మేనేజర్ చెప్పినట్టు రేషన్ కార్డులతో పోల్చి చూశాడు. రెండో రోజు నా కుర్చీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"మేడమ్, ఏమనుకోకున్రి. మీ సొసైటీల సగం మంది సచ్చిపోయిన్రు. తెలుసా మీకు?"

"తెలుసు. మా తాత కూడ అండ్ల ఉన్నడు," అన్నాను.

అతను నా మొహం చూసి నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయాడు. మగ్గం పేర్ల సంగతి విడమరిచి చెప్పాను. అంతా విని నెత్తి గోక్కున్నాడు.

"గిది నాకెవరు చెప్పలే మేడమ్. మేనేజర్ సార్ కాయితం సూశిండు, వాళ్లందరిని దొంగ సభ్యులన్నడు, తీసెయ్యమన్నడు. నిన్ననే తీసేసిన."

నేను లేచి మేనేజర్ గదిలోకి వెళ్లాను. తలుపు కొట్టలేదు.

రాజేశ్వర్ రావు నేతగాడు కాదు. నూలు వ్యాపారం చేసి, ఎవరెవరినో పట్టుకుని, సొసైటీకి మేనేజరుగా వచ్చి కూర్చున్నాడు. హసన్‌పర్తి రోడ్డులో ఆయన బావమరిదికి షెడ్డు ఉంది. అక్కడ కూలికి వచ్చినవాళ్లు మగ్గాలు నేస్తారు. సొసైటీలో మగ్గాలు తగ్గితే మిగిలే నూలు ఆ షెడ్డుకు పోతుందని వాడలో పిల్లలకు కూడా తెలుసు.

"చూడమ్మా షహనాజ్, ఇది సొసైటీ. శ్మశానం కాదు," అన్నాడు, నేను నోరు విప్పకముందే.

"అవి మగ్గాల పేర్లు సార్. గుంటల ఇప్పుడు కూసుండెటోళ్లు బతికే ఉన్నరు."

"మగ్గానికి సంతకం పెట్టడం వచ్చా? ప్యాకేజీలో మనిషికి ఒక వరస. మనిషి లేకపోతే వరస లేదు. రెండు నూలు రోజులు నూలు తీసుకోకపోయినా వరస ఉండదు. మిషన్‌కు నా వాళ్లు, నీ వాళ్లు అని తేడా తెలియదు. అది చెప్పిందే ఇక లెక్క."

"మిషన్ మనం చెప్పిందే చెప్తది సార్. ఐదేండ్లు దాని పక్కన కూసున్న. నాకు తెల్వదా."

ఆయన ఫైలు మూసి, పాత డబ్బాను తూకానికి అమ్మేయమన్నాడు. వచ్చే నూలు రోజుకు ప్యాకేజీ నుంచే పేర్లు పిలవాలన్నాడు. నేను సరే అనలేదు. ఆయన అది గమనించలేదు, ఎందుకంటే ఆడపిల్ల ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అనుకునే రకం.

నాకు ఆ సగం పేర్లన్నీ కళ్ల ముందు తిరుగుతున్నా, ఒక్క పేరు దగ్గర మాత్రం ఆగిపోయాను. కట్టయ్య మగ్గం. అది మా పక్కింటి చిలుకమ్మ వాళ్లది. ఆమె భర్త రాయమల్లు ఆ గుంటలో కూర్చుని నేసేవాడు, ఆమె నూలును కండెలకు చుట్టి అందించేది. మా అమ్మ జబ్బుతో మంచం పట్టిన రోజుల్లో నాకు తల దువ్వి బడికి పంపింది చిలుకక్కే. ఆ వేసవి మొదట్లో రాయమల్లు బావ ఛాతీ నొప్పి అని దవాఖానకు పోయి తిరిగి రాలేదు. మగ్గం ఆగింది. అటు పక్కింటి యాకయ్య మామ రెండు నూలు రోజుల్లోనూ "ఆగింది" అని పలికాడు. గోడ పక్కన రెండు కట్టలున్నాయి. రాబోయేది మూడోది.

ప్యాకేజీ లెక్కలో కట్టయ్య చచ్చినవాడు, రాయమల్లు చచ్చినవాడు, చిలుకమ్మ అసలు లేనే లేదు. ఆ మగ్గం పోతే ఆమెకు మిగిలేది మేనేజర్ బావమరిది షెడ్డులో కూలికి కండెలు చుట్టడం.

ఆ సాయంత్రం మల్లికార్జున్ తన సంచీ సర్దుకుంటూ నా దగ్గర ఆగాడు.

"మేడమ్, బొగ్గింజను తీసి డీజిలింజను పెట్టిన్రు. గంతమాత్రాన రఘునాథపల్లి స్టేషన్ల బండి ఆగుడు బందయిందా? మీ ప్రోగ్రాం గట్లనే ఉండనియ్యొచ్చు. కొత్త మిషన్ లోపల పాత మిషన్ ఉన్నట్టు చెయ్యొచ్చు."

నేను నమ్మలేదు. అతను కాగితం మీద గీసి చూపించాడు. కొత్త మిషన్‌లో మెదడులాంటి చిప్ ఒకటి ఉంటుంది. దాన్ని ఊడదీసి, సరిగ్గా అన్ని కాళ్లే ఉన్న వేరే చిప్ పెట్టొచ్చు. అది కొత్త మిషన్ భాషతోపాటు పాత డబ్బా భాష కూడా మాట్లాడుతుంది. దాని మీద ఒక చిన్న ప్రోగ్రాం నడిపితే, నా ప్రోగ్రాం తాను ఇంకా పాత డబ్బాలోనే ఉన్నాననుకుని నడిచిపోతుంది. చిప్ హైదరాబాదులో, కోఠి బజారులో దొరుకుతుందట.

"నీ నౌకరికి ఏం గాదా?" అని అడిగాను.

"కొత్త మిషన్ నడవాలె అన్నరు, నడుస్తది. అండ్ల ఏం నడవాల్నో నాకు రాసియ్యలే," అన్నాడు. ఆ రోజు నుంచి అతన్ని తమ్ముడూ అని పిలిచాను.

మరుసటి ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, మల్లికార్జున్ కాజీపేట నుంచి సైకిల్ మీద వచ్చాడు. అబ్బా ఆఫీసు తలుపు తీశాడు. అబ్బా అంటే నాన్న, బాబా మియా. చూపు తగ్గి మగ్గం దిగాక సొసైటీ వాళ్లు ఆయనకు గోదాం అప్పగించారు. నూలు కట్టలను చేత్తో తడిమి ఏ రంగో ఏ నంబరో చెప్పేస్తాడని వాడంతా అంటారు. నిజానికి సగంసార్లు తప్పు చెప్తాడు, ఎవరూ పట్టించుకోరు.

చిప్ మార్చడం నేను అనుకున్నంత కష్టం కాలేదు. కష్టమంతా పాత డబ్బాలో ఉన్నదాన్ని కొత్తదానిలోకి తేవడమే. ఆ పెద్ద ఫ్లాపీలు కొత్త మిషన్‌లో పట్టవు. అందుకని రెండు మిషన్లకూ మధ్య మల్లికార్జున్ టంకం పెట్టి ఒక వైరు కలిపాడు. డబ్బా తన ఫ్లాపీ చదివి ఒక్కో అక్షరాన్నీ వైరులోకి వదలాలి, కొత్తది వాటిని రాసుకోవాలి. నేను గోనెపట్టా తడిపి, ఫ్యాను డబ్బా మొహానికి తిప్పి, మీట నొక్కాను. అన్నం ఉడికేంత సేపు గురగురమంటూ డబ్బా తన పని చేసింది. ప్రోగ్రాం మొత్తం అవతలికి చేరింది. కొత్త తెర మీద నా పాత ప్రశ్న వచ్చింది, ఆడుతోందా ఆగిందా అని. నాకు ఆనందంతో కళ్లు చెమర్చాయి. అబ్బా కూడా వచ్చి తెరకు ముక్కు ఆనించి చూశాడు.

తర్వాత పేర్ల ఫ్లాపీ పెట్టాను. డబ్బా దాన్ని గర్రుగర్రుమని రుద్దింది. స్పిరిట్‌తో తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ అదే. తీసి వెలుతురులో పట్టి చూస్తే ఫ్లాపీ మీద గుండ్రంగా ఒక చార అరిగి అవతలి వెలుగు కనబడుతోంది. దాని నకలు పోయిన నెల ఎండకే పాడయింది. పాత నూలు రోజుల కాగితాలు మేనేజర్ బీరువాలో ఉన్నాయి, తాళం ఆయన జేబులో ఉంది. ఇంకోసారి చూద్దామని మీట నొక్కేసరికి డబ్బా తెర మీద వెలుగంతా ముడుచుకుని ఆకుపచ్చ చుక్కయింది. కాసేపటికి ఆ చుక్క కూడా ఆరిపోయింది. ఎంత చేసినా మళ్లీ లేవలేదు.

"పేర్లు నా కాడ ఉన్నయి మేడమ్," అన్నాడు మల్లికార్జున్, "కని ప్యాకేజీ వాటిని ఇంగ్లిష్ అక్షరాల వరసల పెట్టింది. వంతు వరస పోయింది."

వంతు లేని పేర్లు దేనికి. నాకు డబ్బా పోయిన దుఃఖం కన్నా, సరిగ్గా ఈ పూటే పోయిందన్న కోపం ఎక్కువగా ఉంది. కుర్చీని కాలితో తన్నాను.

అబ్బా మాత్రం నిదానంగా బీడీ వెలిగించుకున్నాడు. "ఎందుకు ఫికర్ చేస్తానవ్ బిడ్డా. అందరి వరస ఎవనికి తెల్వకపోవచ్చు. తన ముందటి మగ్గం ఏదో, ఎనుకటి మగ్గం ఏదో తెల్వనోడు వాడల ఒక్కడు లేడు. పొయ్యి అడుగు."

ఆయన చెప్పింది నిజం. నేను కాగితాలు పట్టుకుని వాడలోకి వెళ్లాను. మొదటి ఇంట్లో వెనకటి మగ్గం పేరు అడిగి ఆ ఇంటికి, అక్కడ అడిగి దాని వెనకటి ఇంటికి, అలా గల్లీ గల్లీ తిరిగాను. నిలబెట్టి ఎవరూ ఎందుకని అడగలేదు. చచ్చినవాళ్ల పేర్లు కొట్టేస్తున్నారని అప్పటికే అందరికీ తెలిసిపోయింది. కొందరు నేత ఆపకుండానే పేరు చెప్పారు. ఒక ముసలామె తన మగ్గం పేరు చెప్తూ చెయ్యెత్తి దండం పెట్టింది, మామగారి పేరు నోటితో అనకూడదని ఇన్నేళ్లూ అనలేదట. ఆ వేళ అన్నది.

యాకయ్య మామ ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆయన గుంట తానే తవ్వుకున్నాడు, కాబట్టి ఆయన మగ్గం ఆయన పేరు మీదే ఉంది. ప్యాకేజీ వల్ల ఆయనకు నష్టం లేదు. నన్ను చూసి నేత ఆపాడు.

"మేనేజర్ పిలిచి చెప్పిండు," అన్నాడు. "సచ్చినోళ్లు పోతె నా వంతు తొందరగ వస్తదట. నెల నెల నూలు దొరుకుతదట."

"మరి ఏమన్నవ్ మామా?"

"ఏమంట. ఇంటికొచ్చి పండుకున్న." కాసేపు పడుగు పోగులను వేళ్లతో సవరించాడు. "రేపు నా మగ్గం ఆగితె నా కట్ట గోడకు ఎవరు పెడ్తరు? రాస్కో. నా ముందట కట్టయ్య."

చిలుకక్క ఇంటి తలుపు ఓరగా వేసి ఉంది. లోపల మగ్గం మీద పాత చీర కప్పి ఉంది. చీర అంచు కింద సగం నేసిన జంపఖానా కనబడుతోంది, రాయమల్లు బావ ఎక్కడ ఆపాడో అక్కడే. చిలుకక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"కట్టయ్యను కొట్టేస్కో షన్నూ," అంది నేను అడగకముందే. "షెడ్డుకు రమ్మన్నరు. వస్తనన్న."

"ఎందుకన్నవ్ అక్కా? నీకు నేసుడు రాదా?"

"వస్తది. ఆయన నేసిన కాడికి ఉన్నది సూడు. దాని మీద నేనెట్ల నేయాలె? నేస్తె ఆయనది ఆడికి అయిపోయినట్టే గదా."

నాకు ఏడుపు వస్తే వెనకే కోపం వస్తుంది, అది నా పుట్టుక.

"గోడకు రెండు కట్టలున్నయి నీయి. అబ్బా రోజు వాటి మీద దుమ్ము దులుపుతాండు. నువ్వు రాకుంటె అవి ఎటు పోతయో తెలుసా? గా షెడ్డుకే పోతయి. నీ నూలుకు నువ్వే కండెలు సుట్టుకుంట కూలి తీస్కుంటవ్. గదేనా బావకు నువ్వు చేసేది?"

ఆమె మగ్గం వైపు తిరిగింది. నేను కాగితం మీదికి వంగాను.

"నీ ముందట ఎవరక్కా?"

"ఓదెలు మగ్గం," అంది చివరికి. "ఎనుక యాకయ్య."

రాసుకున్నాను. వస్తావా అని మాత్రం అడగలేదు. రానంటే వినే శక్తి నాకు లేదు.

కాగితాల మీది వరసనంతా కొత్త మిషన్‌లో నా ప్రోగ్రాంలోకి ఎక్కించాను. నూలు రోజు వచ్చింది. సొసైటీ వాకిట్లో జనం నిండారు. రాజేశ్వర్ రావు తెల్లబట్టలు వేసుకుని, ప్యాకేజీ అచ్చువేసిన పేర్ల కాగితం చేత పట్టుకుని వచ్చాడు. నేను కొత్త మిషన్ ముందు కూర్చున్నాను. మల్లికార్జున్ నా వెనక నిలబడ్డాడు. గోదాం గుమ్మంలో అబ్బా స్టూలు వేసుకున్నాడు.

నేను మిషన్ వేశాను. తెర మీద పసుపు రంగు అక్షరాల్లో మొదటి పేరు వచ్చింది. కిటికీలోంచి గట్టిగా చదివాను. వాకిట్లోంచి "ఆడ్తాంది" అని వినబడింది. అబ్బా కట్ట అందించాడు. రెండో పేరు చదివాను, మూడో పేరు చదివాను. నాలుగో పేరుకు మేనేజర్ తన కాగితంలోంచి తలెత్తాడు. ఆ పేరు ఆయన కాగితంలో లేదు.

లోపలికి వచ్చి తెర చూశాడు. "ఇదేంటి? కొత్త మిషన్ మీద చేయమన్నాను కదా?"

"కొత్త మిషనే సార్."

"ప్యాకేజీ ఏది?"

"అది కూడ ఉన్నది. ఇయ్యాల ఇది నడుస్తాంది."

"నీ పాత చెత్తను దీంట్లోకి ఎలా తెచ్చావు? ఆపు."

"ఆపను," అన్నాను.

రాజేశ్వర్ రావు వంగి గోడకున్న ప్లగ్గు పీకేశాడు. తెర నల్లబడింది. కిటికీలోంచి వాకిటివైపు చూసి, "ఇవాళ నూలు లేదు, ఇళ్లకు పొండి," అన్నాడు.

ఎవరూ కదలలేదు. అబ్బా స్టూలు మీంచి లేచాడు. చూపు ఆనని కళ్లతో జనంవైపు తిరిగి, మేనేజర్ అక్కడ లేనట్టే అడిగాడు.

"ఎవరి ఎనుక ఎవరు?"

చివరగా కట్ట తీసుకున్న మనిషి దాన్ని చంకన పెట్టుకుని తన వెనక మగ్గం పేరు పిలిచాడు. "ఆడ్తాంది" అంటూ ఒకామె ముందుకు వచ్చింది. అబ్బా కట్ట ఇచ్చాడు. ఆమె తన వెనక పేరు పిలిచింది. డబ్బా రాకముందు ఇలాగే జరిగేదని నేను విన్నదే గానీ చిన్నతనంలో తప్ప చూసింది లేదు. పేరు వెంట పేరు, చచ్చిన తాతలూ ముత్తాతలూ వరుసగా వాకిట్లోకి వచ్చి నూలు తీసుకుపోతున్నారు. మేనేజర్ గోదాం తలుపుకు అడ్డంగా నిలబడబోయాడు. అబ్బా, "జర జరుగున్రి సార్, కట్ట తగుల్తది," అని ఆయన్ను భుజంతో నెట్టుకుంటూ లోపలికి పోయి వచ్చాడు.

ఓదెలు మగ్గం మనిషి కట్ట తీసుకున్నాడు. వెనక్కి తిరిగి పిలిచాడు.

"కట్టయ్య."

ఎవరూ పలకలేదు. నేను కిటికీ ఊచలు పట్టుకుని జనంలో వెతికాను. చిలుకక్క కనబడలేదు. యాకయ్య మామ నోరు తెరిచి మూసుకున్నాడు. మూడోసారి ఆయన పలకడానికి లేదు, పలికితే పద్ధతి తప్పినట్టు. ఆయన తన వంతుకు ముందుకు కూడా రాలేదు. మేనేజర్ మొహంలో కొద్దిగా నవ్వు వచ్చింది.

ఓదెలు మగ్గం మనిషి మళ్లీ పిలిచాడు. ఈసారి గట్టిగా.

"కట్టయ్య."

"ఆడ్తాంది," అని గేటు దగ్గరి నుంచి వినబడింది.

జనం పక్కకు జరిగారు. చిలుకక్క పరుగున వచ్చినట్టుంది, రొప్పుతోంది. జుట్టు మీద, కనుబొమల మీద నూలు దూది. కుడిచేతి వేళ్లకు ఎర్రరంగు.

"ఆగండి," అన్నాడు మేనేజర్. "ఈమె ఎవరు? కట్టయ్య ఎవరు?"

"మా ఆయన తాత," అంది చిలుకక్క. "సచ్చి శానా ఏండ్లయింది సారూ. మా ఆయన కూడ సచ్చిపోయిండు. మగ్గం సావలేదు. పొద్దుగాల కూసున్న. ఆయన ఆపిన కాడ ఒక ఎర్ర పేక పోగు ఏసిన. ఆడిదాక ఆయనది, ఆడికెల్లి నాది. నమ్మకుంటె వచ్చి సూడు."

మేనేజర్ వెళ్లి చూడలేదు. అబ్బా గోదాంలోకి పోయి గోడ పక్కనున్న రెండు కట్టలూ, ఈ నెలది ఒకటీ మోసుకొచ్చి ఆమె కాళ్ల దగ్గర పెట్టాడు. ఈసారి రంగు తప్పు పోలేదు. ఆమె వాటిని ఎత్తుకోలేదు ముందు. వెనక్కి తిరిగి, ఇంతకుముందు ఆ వాకిట్లో ఎన్నడూ వినబడని గొంతుతో, "యాకయ్య," అని పిలిచింది.

నూలు అయిపోయేదాకా వంతు నడిచింది. వాకిలి ఖాళీ అయ్యాక రాజేశ్వర్ రావు ఆఫీసులోకి వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. గోదాంలో నూలు లేదు, ఆయన చేతిలోని కాగితానికీ జరిగినదానికీ పొంతన లేదు. నూలు ఎవరెవరికి పోయిందో పైవాళ్లు అడిగితే చూపించడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

"ఎవరెవరు తీసుకున్నారో నాకు లెక్క కావాలి," అన్నాడు.

"లెక్క మిషన్ల ఉంటది సార్," అన్నాను. "కరెంటు ఉంటె."

మల్లికార్జున్ ప్లగ్గు వైపు కదిలాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి ఆపాను. మేనేజర్ కాసేపు నన్ను చూశాడు. నేనూ ఆయన్నే చూశాను. చివరికి ఆయనే వంగి, ప్లగ్గు గోడకు పెట్టాడు.

మిషన్ లేచింది. కొత్త మిషన్ లోపలి పాత మిషన్ కూడా లేచింది. ఆగిన చోటు నుంచి పేర్లు ఒక్కొక్కటే అడిగింది, నేను ఒక్కొక్కదానికే మీట నొక్కుతూ పోయాను. ఆయన నా భుజం వెనకే నిలబడి చూస్తున్నాడు. కట్టయ్య పేరు వచ్చినప్పుడు నేను చెయ్యి ఆపాను, ఆయన ఆ పేరును సరిగ్గా చదువుకోవాలని. ఆడుతోందా, ఆగిందా అని తెర అడిగింది. ఆడుతోందని నొక్కాను.